ఏ దిక్కు నుండి, ఎంత ఎత్తు నుండి?

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో సాయంకాలము నిలిచి తల పైకెత్తి చూచువారికి ఆకాశము కన్న ముందు పేరుపలకలు కనబడును. ఈ మేడపై ఒక శిక్షణాలయము, ఆ మేడపై మూడు. పూర్వము టైపు, షార్టుహ్యాండు నేర్చుకొనుటకు యువకులు మెట్లెక్కినట్లే, నేడు కంప్యూటరు భాషలు నేర్చుకొనుటకు జిల్లాల నుండి వచ్చినవారు ఆ మెట్లెక్కుచున్నారు. 2021 వ సంవత్సరము వానకాలములో నేనును అట్టి మెట్లు ఎక్కవలసి వచ్చినది. విద్యార్థిగా పోలేదు. నేను చేసిన ఒక తప్పు ఎట్లు జరిగినదో తెలిసికొనుటకు పోయినాను. ఆ తప్పు ఏమో తరువాత మనవి చేయుదును.

అక్కడ ఒక యువకుడు నాకు తెరపై ఒక కొండను చూపించినాడు. వలవలె అల్లిన గీతలతో గీచిన కొండ అది. చూచుటకు చక్కగా, గుండ్రముగా, ఏ లోపము లేక ఉన్నది. అతడు రెండు అంకెలు మార్చి మీట నొక్కినాడు. కొండ కొంచెము పక్కకు తిరిగి, మన వైపు వంగినట్లు కనబడినది. అంతలో దాని శిఖరము నడుమ పెద్ద గొయ్యి బయటపడినది. లెక్కలలో ఒక్క అంకెయు మారలేదు. మారినది మన కన్ను నిలిచిన చోటు మాత్రమే.

ఆ కొండ కల్పితము కాదు. న్యూజిలాండు దేశములో ఆక్లండు నగరము నడుమ ఉన్న మౌంగా ఫౌ అను చల్లారిన అగ్నిపర్వతమది. మౌంట్ ఈడెన్ అనియు దానికి పేరు. పది మీటర్ల కొక చొప్పున గళ్లు గీచి, ఒక్కొక్క గడి వద్ద నేల ఎత్తును గుర్తించి, 87 వరుసలు 61 నిలువులుగా అంకెల పట్టిక నొకదానిని చేసినారు. అందులో అత్యల్పము 94 మీటర్లు, అత్యధికము 195 మీటర్లు. ఆ పట్టికను తయారు చేసినవాడు ఆక్లండు విశ్వవిద్యాలయపు గణాంక శాస్త్రజ్ఞుడు రాస్ ఇహాకా. ఆయనయు, రాబర్ట్ జెంటిల్మన్ అను సహచరుడును కలిసి 1990 తరువాతి తొలి సంవత్సరములలో ‘ఆర్’ అను గణాంక భాషను నిర్మించినారు. దాని 1.0.0 ప్రతి 2000 ఫిబ్రవరి 29 వ తేదీన విడుదలయైనది. నేడు ఆ భాషను నేర్చుకొను వారందరును ఎప్పుడో ఒకప్పుడు ఈ కొండ నెక్కినవారే.

శ్రోతలకు ఆ రెండు అంకెల సంగతి చెప్పవలెను. పెరటిలో నులకమంచముపై నాలుగు కుండలు బోర్లించి, వాటి నడుమ ఒక మూకుడును వెల్లకిల పెట్టి, పైన తడిదుప్పటి పరచినట్లు భావింపుడు. కుండల మీద దుప్పటి ఎత్తుగాను, మూకుడులోనికి పల్లముగాను ఉండును. మంచము చుట్టును మీరు ప్రదక్షిణము చేయవచ్చును. అది మొదటి కోణము. దానికి దిగంశము అని శాస్త్రీయమైన పేరు. ఆర్ భాషలో దానిని ‘థీటా’ అందురు. ఇక నేలపై చతికిలబడి మంచము అంచున కన్నుంచి చూడవచ్చును, నిలుచుండి చూడవచ్చును, నిచ్చెన యెక్కి తిన్నగా పైనుండి చూడవచ్చును. అది రెండవ కోణము, ఉన్నతాంశము. దానికి ‘ఫై’ అని పేరు. అది సున్న డిగ్రీలైనచో ముందున్న కుండ వెనుక ఉన్నదంతయు మాయమగును. అది 90 డిగ్రీలైనచో అన్నియు కనబడును గాని, ఏది ఎత్తో ఏది పల్లమో తెలియదు. దుప్పటి పటమైపోవును. ఈ రెండింటి నడుమ ఎక్కడ నిలువవలెనన్నదే ప్రశ్న.

ఎత్తు అనగా నేల ఎత్తే కానక్కరలేదు. ఒక అంచు వెంట నత్రజని, రెండవ అంచు వెంట భాస్వరము ఎంత వేసితిమో గుర్తించి, ఎత్తుగా వరి దిగుబడిని చూపవచ్చును. అప్పుడు దుప్పటి శిఖరము ఏ పాళ్లలో ఎరువు వేయవలెనో చెప్పును. ఇట్టి దిగుబడి ఉపరితలములను క్రమముగా శోధించు పద్ధతిని బాక్స్, విల్సన్ అను ఇద్దరు 1951 లో ప్రకటించినారు.

ఈ రెండు కోణములు కంప్యూటరుతో పుట్టినవి కావు. మన దేశములో వాటి చరిత్ర రెండు వందల ఏండ్లకు పైబడినది. 1802 ఏప్రిల్ 10 వ తేదీన మదరాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ సమీపమున విలియం లాంబ్టన్ ఆధారరేఖను కొలువ నారంభించినాడు. దాని నుండి త్రిభుజము వెంట త్రిభుజముగా దేశమంతయు కొలిచిన మహాసర్వే పుట్టినది. ఆయన ప్రధాన సాధనము థియోడలైటు. సుమారు అర టన్ను బరువు గల ఆ యంత్రములో రెండు ఇత్తడి చక్రములు. అడ్డచక్రము ఏ దిక్కున చూచుచున్నామో చెప్పును. నిలువుచక్రము ఎంత పైకి, ఎంత క్రిందికి చూచుచున్నామో చెప్పును. థీటా, ఫై అనునవి ఆ రెండు చక్రములే. నాడు వాటిని త్రిప్పుటకు కూలీలు, ఏనుగులు, కొండలు కావలసి వచ్చినవి. నేడు వ్రేలు చాలును.

కావేరి మైదానములో లాంబ్టన్‌కు చిక్కు వచ్చినది. చూచుటకు కొండలు లేవు. అందువలన ఆలయ గోపురములపైకి యంత్రము నెక్కించినారు. 1808 లో తంజావూరు పెద్దకోవెలపైకి లాగుచుండగా త్రాడు తెగి యంత్రము గోడకు కొట్టుకొని, దాని గొప్ప చక్రము వంగిపోయినది. లాంబ్టన్ దానిని విడదీసి, వారముల తరబడి కూర్చుండి, తన చేతులతో తిన్నగా చేసినాడు. ఎత్తు నుండి చూడనిదే పల్లము తెలియదన్న సంగతికి ఇంతకన్న ఖరీదైన పాఠము లేదేమో!

ఆ సర్వే మన హైదరాబాదుకును వచ్చినది. 1818 లో జార్జి ఎవరెస్టు అను యువక సైనికాధికారి లాంబ్టన్‌కు ముఖ్యసహాయకుడుగా హైదరాబాదులో చేరినాడు. తరువాతి యేడు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో త్రిభుజములు కట్టబోయి, వానకాలపు జ్వరమున పడి, పరివారముతో సహా డోలీలపై హైదరాబాదుకు తిరిగి రావలసి వచ్చినది. తోడు వచ్చినవారిలో కొందరు మరల రాలేదు. ఆరోగ్యము కొరకు ఎవరెస్టు 1820 లో దక్షిణాఫ్రికాకు పోయినాడు. లాంబ్టన్ 1823 జనవరి 20 వ తేదీన హింగన్‌ఘాట్ వద్ద మరణించినాడు. లోకములోని అత్యున్నత శిఖరమునకు ఎవరి పేరు పెట్టిరో ఆయన తొలి పాఠములు నేర్చినది మన తెలంగాణ గుట్టలపైననే.

ఆ సంప్రదాయము నగరపు తూర్పు వైపునే నేటికిని నిలిచి ఉన్నది. ఎల్.బి. నగర్‌కు ఉత్తరమున ఉప్పల్‌లో 1961 లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థయు, 1967 లో ఏర్పడిన సర్వే శిక్షణ సంస్థయు ఉన్నవి. నేల ఎత్తుపల్లములను, నేల లోపలి భేదములను అంకెలుగా, అంకెలను చిత్రములుగా మార్చు విద్య అక్కడ సాగుచున్నది.

అంకెలను చిత్రముగా మార్చుటకు మరియొక చరిత్ర ఉన్నది. 1774 లో స్కాట్లండులోని షిహాలియన్ అను కొండ వద్ద భూమి సాంద్రతను కనుగొనుటకు కొలతలు తీసినారు. ఆ కొలతల మూటను లెక్కగట్టు భారము చార్లెస్ హట్టన్ అను గణితజ్ఞునిపై పడినది. ఒకే ఎత్తు గల బిందువులను ఒకే గీతతో కలిపినచో కొండ ఆకారము కంటికి దొరకునని ఆయన గ్రహించినాడు. మన పాఠ్యపుస్తకములలోని కాంటూరు రేఖలు ఆ దారినే వచ్చినవి. ఇది నిచ్చెన పైనుండి చూచు చూపు; ఏదియు దాగదు, కాని పల్లమును ఊహించుకొనవలెను.

పక్క నుండి చూచు చూపునకు 1822 లో కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ ఒక కట్టుబాటు చెప్పినాడు. మూడు అంచులును సమానముగా కనబడునట్లు వస్తువును గీయు ఐసోమెట్రిక్ పద్ధతి అది. అందు దిగంశము 45 డిగ్రీలు, ఉన్నతాంశము 35 డిగ్రీల 16 నిమిషములు. యంత్రములను గీయువారు ఆ చూపునకే అలవాటు పడినారు. 1880 లో ఇటలీలో లుయిజి పెరోజ్జో స్వీడను దేశపు జనాభా లెక్కలను ఇట్టి నిలువుచిత్రముగా గీచి ప్రకటించినాడు. ఒక వైపు సంవత్సరములు, ఒక వైపు వయస్సు, ఎత్తుగా మనుష్యుల సంఖ్య. అయితే అచ్చులో గీచిన చిత్రమునకు ఒకే ముఖము. వెనుక ఏమున్నదని అడుగుటకు పాఠకునకు హక్కు లేదు.

ఆ హక్కు కొరకే కాబోలు, 1874 లో భౌతికశాస్త్రజ్ఞుడు మాక్స్‌వెల్ బంకమట్టిని పట్టినాడు. అమెరికాలో గిబ్స్ అను ఆచార్యుడు నీటివంటి పదార్థముల ఉష్ణస్వభావమును ఒక ఉపరితలముగా వర్ణించినాడు. మాక్స్‌వెల్ దానిని తన చేతులతో మట్టిలో మలచి, ప్లాస్టరుతో పోతపోయించి, ఒక ప్రతిని గిబ్స్‌కు పంపినాడు. ప్లాస్టరు బొమ్మను చేతపట్టి ఎటు కావలెనన్న అటు త్రిప్పవచ్చును. అదే దాని ప్రయోజనము. నూరేండ్ల తరువాత, 1970 ప్రాంతపు సంవత్సరములలో, స్టాన్‌ఫర్డు పరిశోధనాలయములో టుకీ, ఫ్రీడ్‌మన్, ఫిషర్‌కెల్లర్ అనువారు అంకెల గుంపును తెరపై త్రిప్పి చూపు యంత్రప్రణాళికను నిర్మించినారు. 1976 లో బెల్ పరిశోధనాలయములో ‘ఎస్’ అను గణాంక భాష పుట్టినది. దానికి వారసురాలు ఆర్.

ఈ చరిత్రలో తెలుగువారి చేయి లేదనుకొనరాదు. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920 లో బళ్లారి జిల్లా హడగళిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, 1940 లో ఆంధ్ర విశ్వవిద్యాలయము నుండి గణితములో ఎం.ఏ. పట్టము పొందినారు. ఇరువది అయిదవ యేట, 1945 లో, కలకత్తా గణితసంఘపు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసము లోకప్రసిద్ధము. గణాంక నమూనాల సముదాయమును వంపులు గల ఒక ఉపరితలమువలె భావించి, దానిపై ఒక నమూనాకును మరియొక నమూనాకును దూరమెంతయని అందులో ఆయన అడిగినారు. చిత్రము గీయుటకు కంప్యూటరు లేని దినములలో మనోనేత్రముతో చూచిన ఉపరితలమది. తొంబది యేండ్లు దాటిన వయస్సులో, 2014 లో, మారేపల్లి భాస్కర రావు గారితో కలిసి ఆర్ భాషతో గణాంక గణనను గూర్చిన పెద్దగ్రంథమునకు సంపాదకత్వము వహించినారు. 2023 లో అంతర్జాతీయ గణాంక పురస్కారము పొంది, ఆ యేడే ఆగస్టు 22 వ తేదీన అస్తమించినారు. కాగితము, పెన్సిలు కాలము నుండి ఆర్ కాలము వరకు ఒక్క జీవితము వ్యాపించినది.

ఇప్పుడు నా తప్పు సంగతి.

2020 అక్టోబరు 13 వ తేదీన హైదరాబాదుపై కురిసిన వాన శ్రోతలకు జ్ఞాపకముండును. తూర్పు శివారులలో కొన్నిచోట్ల ఒక్క దినములో 30 సెంటీమీటర్లకు మించి కురిసినది. సరూర్‌నగర్ చెరువు పొంగి, చుట్టుపట్ల కాలనీలలో నీరు నిలిచినది. తరువాతి వానకాలమునకు ముందు నేను ఆ ప్రాంతపు నేల తీరును గూర్చి ఒక వ్యాసము వ్రాసినాను. ఎల్.బి. నగర్ మొదలు దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మూసీ వరకు నేల ఎత్తులతో ఒక ఉపరితల చిత్రమును వేయించి అచ్చుకు ఇచ్చినాను. చిత్రము అందముగా వచ్చినది. నేను మురిసిపోయినాను.

జూన్ నెలలో ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు చెరువు దిగువ కాలనీలో నివసించు వృద్ధులు, ఉద్యోగము విరమించినవారు. ఆ రాత్రి తమ ఇంటిలో నీరు మంచము ఎత్తు వచ్చినదని, పెట్టెలు, పుస్తకములు, రేడియోతో సహా తడిసినవని వ్రాసి, చివర ఇట్లు అడిగినారు: అయ్యా, మీ చిత్రమును భూతద్దము పెట్టి వెదకితిమి, చెరువు లేదు, మా కాలనీయు లేదు, మేము మునిగినది ఎక్కడ?

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచు నేను దిల్‌సుఖ్‌నగర్ మెట్లెక్కినాను. ఆ యువకుడు నా చిత్రమును చూచి నవ్వి, “సార్, మీరు కోణము చెప్పనే లేదు, అది తానే పెట్టుకొన్నది” అన్నాడు. మనము ఏమియు చెప్పనిచో ఆర్ భాషలోని ఆ చిత్రప్రక్రియ థీటాను సున్నగాను, ఫైని 15 డిగ్రీలుగాను తీసికొనును. పటములో ఉత్తరము పైకి ఉన్నచో థీటా సున్న అనగా దక్షిణమున నిలిచి ఉత్తరమునకు చూచుట. ఫై 15 అనగా ఇంచుమించు నేలను ఆనుకొని చూచుట. మన ప్రాంతములో ఎత్తైన నేలలు దక్షిణమున, మూసీ ఉత్తరమున. ఇక చెప్పనేల? ముందున్న ఎత్తునేల వెనుక చెరువు, దాని దిగువ ఇండ్లు దాగిపోయినవి. యంత్రము అబద్ధమాడలేదు. ఎక్కడ నిలువవలెనని నన్నడిగినది, నేను పలుకలేదు.

ఆ యువకుడు థీటాను 180 చేసినాడు. మనము మూసీ ఒడ్డున నిలిచి దక్షిణమునకు చూచినట్లైనది. ఫైని 50 కి పెంచినాడు. చెరువు తట్టవలె తెరుచుకొన్నది. దాని చుట్టును నేల ఎటు వాలినది, నీరు ఎటు రావలెను, ఎటు పోవలెను, అంతయు బయటపడినది. అతడు మరియొక దోషమును చూపినాడు. యంత్రము మూడు దిక్కులను సమానమైన పెట్టెలో అమర్చుటకై నిలువుకొలతను సాగదీయును. నాలుగయిదు కిలోమీటర్ల పొడవున కొన్ని పదుల మీటర్ల వాలు మాత్రమున్న మన నేల అందులో హిమాలయమువలె కనబడును. దానిని ‘ఎక్స్‌పాండ్’ అను మూడవ అంకెతో తగ్గించినాడు.

ఇంకొక విశేషము తెలిసినది. తయారుచేసినవారిని బట్టి ఈ ముందుగా పెట్టిన కోణములు మారును. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనునది దిగంశము మైనస్ 60, ఉన్నతాంశము 30 డిగ్రీలుగా పెట్టుకొనును. మ్యాట్‌ల్యాబ్ మైనస్ 37.5, 30 గా పెట్టుకొనును. గ్నూప్లాట్ 60, 30 అనును; కాని అందులోని 60 పైనుండి క్రిందికి వంచిన వంపు, కావున మన లెక్కలో అదియు 30 డిగ్రీల ఎత్తే. ఒకే అంకెల పట్టికను ఈ నాలుగింటికి ఇచ్చినచో నాలుగు ముఖములు చూపును. వీటిలో ఏదియు శాస్త్రము విధించినది కాదు. ఎవరో ఒకరు ఏదో ఒక చోట నిలువవలెను గనుక నిలిచినారు, అంతే.

అందుచేత ఇట్టి చిత్రము చూచునప్పుడు శ్రోతలు కొన్ని ప్రశ్నలు వేయవలెనని మనవి. ఏ దిక్కు నుండి చూచినారు? ఎంత ఎత్తు నుండి? నిలువుకొలతను ఎంత సాగదీసినారు? గీచువారైనచో ఒకటికి బదులు రెండు మూడు దిక్కుల నుండి గీచి, పక్కనే కాంటూరు పటమును కూడ ఇచ్చుట మేలు. ఒక చూపున దాగినది వేరొక చూపున దొరకును.

శిక్షణాలయము దిగి నేను మెట్రో రైలెక్కి ఎల్.బి. నగర్ వరకు పోయినాను. 2018 సెప్టెంబరు నుండి ఈ దారిలో రైలు నడచుచున్నది. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్. ఇరువది ఏండ్లుగా ఆ విజయవాడ రహదారిపై తిరిగినవాడను. క్రింద నుండి నాకు దుకాణములు మాత్రమే తెలియును. పైనుండి చూచినప్పుడు ఇండ్ల కప్పులు మెట్లు మెట్లుగా దిగిపోవుచు కనబడినవి. ఈ నేల ఇంత వాలినదా అని మొదటిసారి ఆశ్చర్యపడినాను.

మరునాడు ఆ వృద్ధులకు క్రొత్త చిత్రమును ఉత్తరముతో పంపినాను. పది దినములకు జవాబు వచ్చినది. చిత్రమును వారు తిప్పి పంపినారు. చెరువు దిగువన ఒక చోట ఎర్రసిరాతో చిన్న చుక్క పెట్టి, దాని ప్రక్కన “మా ఇల్లు” అని వ్రాసినారు.